పొమ్మన్న నేలనే బొమ్మకట్టి

రష్యా పల్లె ఎలా ఉంటుందో, అక్కడి ఆకురాలు కాలం ఏ రంగులో ఉంటుందో ఆ దేశపు పిల్లలు బడిలోనే చూస్తారు. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో ఉండే బొమ్మల్లో ‘బంగారు శరత్తు’ ఒకటి. నీలి ఏరు, దాని ఒడ్డున పసుపు పచ్చగా మారిన బర్చి చెట్లు, దూరాన నాలుగు ఇళ్లు. గీసినవాడు ఇసాక్ లెవితాన్. రష్యన్ ప్రకృతికి రూపం కట్టినవాళ్లలో ముందు వరసలో చెప్పే పేరు అది. ఆ పేరు గలవాణ్ని ఆ దేశం రెండుసార్లు మాస్కో నుంచి వెళ్లగొట్టింది. మొదటిసారి అతనికి పద్దెనిమిదేళ్లు, రెండోసారి ముప్ఫై రెండు. రెండుసార్లూ మోపిన నేరం ఒక్కటే. అతను యూదు ఇంట పుట్టాడు.

జార్ల ఏలుబడిలో యూదులు ఎక్కడ పడితే అక్కడ కాపురం పెట్టడానికి వీల్లేదు. సామ్రాజ్యపు పడమటి అంచున సర్కారు ఒక హద్దు గీసింది. బతికినా చచ్చినా దాని లోపలే. పెద్ద వర్తకులు, పై చదువులు చదివినవాళ్లు, కొన్ని చేతివృత్తులవాళ్లు వంటి కొందరికి మాత్రం సడలింపు ఉండేది. ఆ సడలింపు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇప్పటి లిథువేనియాలో ఉన్న కిబార్తి అనే చిన్న ఊళ్లో 1860లో లెవితాన్ పుట్టాడు. తండ్రి సొంతంగా ఫ్రెంచి, జర్మన్ నేర్చుకుని పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, రైలు వంతెన కడుతున్న ఫ్రెంచి కంపెనీ దగ్గర దుబాసీగా పనిచేశాడు. నలుగురు పిల్లల్ని పెట్టుకుని బతుకు బాగుపడుతుందని 1870ల మొదట్లో మాస్కోకు మారాడు. బాగుపడలేదు. 1873లో కుర్రవాడు మాస్కో చిత్రకళా పాఠశాలలో చేరాడు. 1875లో తల్లి పోయింది. 1877లో తండ్రీ పోయాడు.

ఆ తర్వాతి రోజుల గురించి తోటి విద్యార్థులు రాసిన జ్ఞాపకాలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. పగలు పాఠాలు విని, రాత్రి కావలివాడి కంట పడకుండా ఆ తరగతి గదుల్లోనే ఎక్కడో ఓ మూల పడుకునేవాడట. ఫీజు కట్టలేదని బడి వాళ్లు బయటికి పంపితే స్నేహితులు చందాలేసి కట్టారు. చివరికి పాఠశాలే అతని పేదరికాన్నీ, పనితనాన్నీ చూసి ఫీజు మాఫీ చేసింది. కడుపు నిండా తిండి లేని ఆ రోజుల గురించి పెద్దయ్యాక అతను పెదవి విప్పేవాడు కాదని దగ్గరివాళ్లు చెప్పారు.

ఇంత లేమిలోనూ అతనికి ఒక అదృష్టం పట్టింది. పాఠశాలలో ల్యాండ్‌స్కేప్ తరగతి చెప్పేవాడు అలెక్సేయ్ సవ్రాసోవ్. 1871లో ‘కాకులు తిరిగొచ్చాయి’ అన్న బొమ్మతో పేరు తెచ్చుకున్న మనిషి. వంకర టింకర బర్చి చెట్ల మీద గూళ్లు, కరుగుతున్న బురద మంచు, వెనక పాత గుడి, అంతే ఆ బొమ్మ. ప్రకృతి అంటే ఇటలీ కొండలూ సముద్రాలే అనుకునే రోజుల్లో ఈ మామూలు ఊరి చివర కూడా బొమ్మకు తగిందేనని ఆయన నిరూపించాడు. శిష్యుల్ని గదిలో కూర్చోబెట్టకుండా ఊరి బయటి తోపుల్లోకి తరిమేవాడు. పొలం గట్టు మీద నిలబడి చూడమనేవాడు, గుండె కదిలితేనే కుంచె పట్టమనేవాడు. లెవితాన్ మీద ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. ఆ తర్వాత మద్యానికి బానిసై, 1882లో ఉద్యోగం పోగొట్టుకుని, పదిహేనేళ్లు దిక్కు లేకుండా తిరిగి 1897లో సవ్రాసోవ్ కన్నుమూసినప్పుడు పత్రికలో నివాళి రాసింది ఈ శిష్యుడే. రష్యన్ నేలను మనసుతో చూడటం ఆయనతోనే మొదలైందని లెవితాన్ అందులో ఒప్పుకున్నాడు. తను అప్పటికే గురువును మించిన పేరు గలవాడు. ఆ మాట రాయకపోయినా అడిగేవాళ్లు లేరు.

1879 ఏప్రిల్‌లో జార్ రెండో అలెగ్జాండర్ మీద హత్యాయత్నం జరిగింది. కాల్చినవాడు యూదుడు కాడు. అయినా మాస్కోలోని యూదుల్ని ఊరు విడిచి పొమ్మన్నారు. అధికారానికి భయం వేసినప్పుడు ముందుగా దొరికేది ఎవరో మనకూ తెలియని సంగతేమీ కాదు. అక్కచెల్లెళ్లు, అన్నతో కలిసి లెవితాన్ మాస్కో శివారు సల్తికోవ్కాకు చేరాడు. అదే ఏడాది అతను గీసిన ‘శరత్కాలపు రోజు, సొకోల్నికి’ని మరుసటేడు 1880లో పావెల్ త్రెత్యకోవ్ కొన్నాడు. రష్యన్ చిత్రాలన్నింటినీ ఒక్కచోట చేర్చాలని కంకణం కట్టుకున్న ఆ వర్తకుడి కంట్లో పడటమంటే ఏ చిత్రకారుడికైనా బతుకు మలుపే. ఇరవై నిండని కుర్రవాడికి ఆ గౌరవం దక్కింది. ఊరిలో ఉండటానికి పనికిరానివాడి బొమ్మ ఆ ఊరి గ్యాలరీలో ఉండటానికి పనికొచ్చింది.

ఆ బొమ్మలో పొడుగాటి తోవ మీద నల్లబట్టల్లో ఒక స్త్రీ ఒంటరిగా నడిచివస్తుంటుంది. ఆమెను గీసింది లెవితాన్ కాదు, సహాధ్యాయి నికొలాయ్ చెహోవ్. ఆ నికొలాయ్ తమ్ముడే అంతోన్ చెహోవ్. తెలుగు పాఠకుడికి సోవియట్ ప్రచురణల కాలం నుంచీ పరిచయమైన చెహోవ్, లెవితాన్ ఒకే ఏడాది పుట్టారు. ఇద్దరూ పేదరికం ఎరిగినవాళ్లే, ఇద్దరికీ రష్యన్ పల్లె అంటే ప్రాణమే. 1885 నుంచి మూడు వేసవులు చెహోవ్ కుటుంబం మాస్కో దగ్గర బాబ్కినో అనే పల్లెలో గడిపింది. పక్కూళ్లో దిగులుతో మంచం పట్టిన లెవితాన్‌ను చెహోవ్ సోదరులు తమ దగ్గరికి లాక్కొచ్చారు. అక్కడ వాళ్ల ఆగడాలకు అంతులేదు. సాయంత్రాలు లెవితాన్ బెడూయిన్ వేషం వేసుకుని గాడిదెక్కి పొలంలోకి వెళ్లి, తలపాగాతో మోకరిల్లి నమాజు చేస్తున్నట్టు నటించేవాడు. చెహోవ్ పొద చాటు నుంచి తూటా లేని తుపాకి పేల్చేవాడు. లెవితాన్ వెల్లకిలా పడిపోయేవాడు. ఇంకో రోజు దొంగ న్యాయస్థానం పెట్టి లెవితాన్‌ను బోనెక్కించేవారు. నిజమైన అధికారులు నిజంగానే వెళ్లగొట్టిన మనిషి ఈ ఉత్తుత్తి విచారణలో పగలబడి నవ్వాడు.

నవ్వు ఎంతసేపుండేదో దిగులూ అంతసేపుండేది. ఆ దిగులు అతన్ని జీవితాంతం వదల్లేదు. అతని మనసెంత మెత్తనిదో చెప్పే సంఘటన ఒకటి చెహోవ్ ఉత్తరంలో ఉంది. 1892 వసంతంలో చెహోవ్ కాపురమున్న మెలిఖొవోలో ఇద్దరూ వేటకు వెళ్లారు. లెవితాన్ ఓ పిట్టను కొట్టాడు. అది రెక్క విరిగి గుంటలో పడింది. పొడుగాటి ముక్కు, పెద్ద నల్లటి కళ్లు, అందమైన ఈకలు. ఏమైందో తెలియక అలా చూస్తోంది. లెవితాన్ ముఖం చిట్లించి, కళ్లు మూసుకుని, తుపాకి మడమతో దాని తల మీద కొట్టెయ్యమని చెహోవ్‌ను బతిమాలాడు. చెహోవ్ తన వల్ల కాదన్నాడు. లెవితాన్ భుజాలు అదురుతున్నాయి, పిట్ట ఇంకా చూస్తూనే ఉంది. చివరికి చెహోవే ఆ పని కానిచ్చాడు. ఓ అందమైన ప్రాణి తగ్గిపోయిందనీ, ఇద్దరు తెలివితక్కువవాళ్లు ఇంటికెళ్లి భోజనానికి కూర్చున్నారనీ ఆ ఉత్తరంలో తమను తామే ఎగతాళి చేసుకున్నాడు.

లెవితాన్‌కు సొంత గొంతు దొరికింది వోల్గా ఒడ్డున. 1887లో మొదటిసారి వెళ్లినప్పుడు ఆ నది అతనికి నచ్చనే లేదు. ముసురు, చలిగాలి, బూడిద రంగు నీళ్లు. మరుసటేడు చిత్రకారులైన మిత్రులతో, తన శిష్యురాలు సోఫియా కువ్షిన్నికోవాతో కలిసి పడవలో వెళ్తూ ప్ల్యోస్ అనే చిన్న ఊరు చూసి దిగిపోయాడు. కొండవాలున ఇళ్లు, గుట్ట మీద చెక్క గుడి, కింద నది. వరసగా మూడు వేసవులు అక్కడే. ‘వాన వెలిసాక’, ‘సాయంత్రం, బంగారు ప్ల్యోస్’ అక్కడి బొమ్మలే. వాన వెలిసిన బొమ్మలో తడిసిన రేవు, కట్టేసిన పడవలు, మబ్బుల సందున పలచటి వెలుగు తప్ప పెద్దగా ఏమీ లేదు. చూస్తుంటే ఒంటికి చెమ్మ తగులుతుంది. ఆ బొమ్మలు ప్రదర్శనకు వచ్చాక ఎవరికీ తెలియని ఆ ఊరు రష్యా అంతటికీ తెలిసింది. ఇప్పుడు అక్కడ అతను ఉన్న ఇల్లు మ్యూజియం. 1972లో తెరిచారు.

లెవితాన్‌ను ఇంప్రెషనిస్టు అనవచ్చా? విమర్శకులు ఈ మాట మీద చాలాకాలంగా వాదించుకుంటున్నారు. 1890 ప్రాంతంలో అతను పారిస్ వెళ్లాడు. కొత్త ఫ్రెంచి చిత్రాలు చూశాడు. మరుసటేడు పారిస్‌లో అక్కడి ప్రకృతి చిత్రాలు చూసిన చెహోవ్, వీళ్ల పక్కన మన లెవితాన్ రాజు అని ఇంటికి రాశాడు. స్నేహం కొంత అనిపించినా ఆ మాటలో పస ఉంది. పారిస్ చూడకముందే మొదలుపెట్టిన ‘బర్చి తోపు’లో ఆకుల సందుల్లోంచి జారిన ఎండ తెల్లటి కాండాల మీద ఆకుపచ్చగా, గడ్డి మీద పసుపుగా పడి కదులుతున్నట్టే ఉంటుంది. మూరెడు వెడల్పు కాస్త దాటిన ఆ చిన్న బొమ్మను నాలుగేళ్లు దగ్గర పెట్టుకుని, బాబ్కినోలో మొదలెట్టి ప్ల్యోస్‌లో ముగించాడు. నీడ నల్లగా ఉండదనీ, దానికీ రంగుంటుందనీ ఫ్రెంచివాళ్లు కనిపెట్టిన సంగతి అతనూ తన దారిన తెలుసుకున్నాడు.

1895లో గీసిన ‘మార్చి’ దగ్గర ఓ నిమిషం ఆగుదాం. పసుపు రంగు చెక్క ఇల్లు, తలుపు ఓరగా తీసి ఉంది. గుమ్మం ముందు మంచు బండి కట్టిన గుర్రం నిలబడి ఉంది. బండి దిగినవాళ్లెవరో ఇప్పుడే లోపలికి వెళ్లినట్టున్నారు. చెట్టు చిటారున పిట్టల కోసం కట్టిన చెక్క గూడు ఖాళీగా ఉంది, పిట్టలింకా రాలేదు. బాటలో మంచు బండి జాడలు, కరిగి గోధుమ రంగు తేలిన మంచు. అసలు పని నీడలదే. మంచు మీద చెట్ల నీడలు నీలంగా పరుచుకున్నాయి. తెలుపు అనుకున్న చోటల్లా నీలం, గులాబీ, లేత పసుపు కలిసి ఉన్నాయి. చిత్తు బొమ్మలు వేసుకోకుండా నేరుగా ఆరుబయట నిలబడి దీన్ని గీశాడంటారు. మొనే, పిస్సారో ఈ బొమ్మను తమదే అనుకున్నా ఆశ్చర్యం లేదు. కానీ వాళ్లకు వెలుగే చాలు. లెవితాన్‌కు ఆ వెలుగులో తలుపు తీసి ఉండాలి, లోపల ఎవరో ఉండాలి, ఎవరి కోసమో గూడు కట్టి ఉండాలి. బొమ్మల్లో మనుషులు దాదాపు కనిపించరు, ఉన్నారన్న ఎరుక మాత్రం పోదు. అందుకే రష్యాలో అతని పద్ధతిని మనఃస్థితి చిత్రణ అన్నారు.

మనుషుల్లేని ఆ బొమ్మల్లోకెల్లా మనుషులు కిక్కిరిసింది ‘వ్లదీమిర్కా’. 1892 వేసవిలో లెవితాన్ వ్లదీమిర్ జిల్లాలో ఓ పల్లెలో ఉన్నాడు. ఒకనాడు కువ్షిన్నికోవాతో వేట నుంచి తిరిగివస్తూ ఓ పాత రహదారి ఎక్కాడు. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటుండగా అతనికి ఏదో తట్టింది. ఇది వ్లదీమిర్కా కదా అన్నాడు. మాస్కో నుంచి తూర్పుగా సైబీరియాకు ఖైదీల్ని సంకెళ్లతో నడిపించిన దారి అది. రైలు వచ్చాక ఆ నడక ఆగింది, దారికి ఆ పేరు మాత్రం పోలేదు. మర్నాడే పెద్ద కాన్వాసు మోసుకొచ్చి అక్కడే నిలబడి కొద్ది రోజుల్లో బొమ్మ పూర్తి చేశాడని కువ్షిన్నికోవా రాసుకుంది.

ఆ కాన్వాసు మీద ఏముంది? మబ్బు కమ్మిన బూడిద ఆకాశం. దాని కింద మన కాళ్ల దగ్గర మొదలై ఎక్కడా వంక తిరగకుండా దిగంతం దాకా పోయే మట్టి బాట. దానికి అటూ ఇటూ సన్నటి కాలిబాటలు. వాటిని ఎవరూ వేయలేదు, నడిచినవాళ్ల పాదాలకే అవి పడ్డాయి. పక్కన బాటసారులు దండం పెట్టుకునే చిన్న కొయ్య గూడు, దాని ముందు నిలబడ్డ యాత్రికురాలు ఒకతె. చాలా దూరాన తెల్లటి చుక్కలా గుడి. సంకెళ్లు లేవు, బంట్రోతులు లేరు, ఏడుపులు లేవు. ఆ కాలిబాటలు చూస్తే చాలు, ఎన్ని వేలమంది నడిచి ఉంటారో తెలిసిపోతుంది. వాళ్లలో ఎవరి పేరూ మనకు తెలియదు. 1894లో లెవితాన్ ఈ బొమ్మను త్రెత్యకోవ్ గ్యాలరీకి ఉచితంగా ఇచ్చేశాడు.

ఈ బొమ్మ గీసిన కొద్ది వారాలకే, 1892 సెప్టెంబరులో, మాస్కో విడిచిపొమ్మని అతనికి రెండోసారి ఉత్తర్వు వచ్చింది. ముందటేడు అప్పటి జార్ తమ్ముడు సెర్గేయ్ అలెగ్జాండ్రోవిచ్ మాస్కో గవర్నర్ జనరల్‌గా రావడంతోనే యూదుల ఏరివేత మొదలైంది. ముందు చేతిపనివాళ్లు. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, గడియారాలు బాగుచేసేవాళ్లు, ఏళ్ల తరబడి అక్కడే దుకాణాలు పెట్టుకుని బతికినవాళ్లు వేలమంది ఉన్నపళంగా సామాన్లు కట్టుకుని వెళ్లిపోయారు. లెవితాన్ అప్పటికి దేశమంతా తిరిగి ప్రదర్శనలు పెట్టే ప్రసిద్ధ చిత్రకారుల సంఘంలో సభ్యుడు. త్రెత్యకోవ్ గ్యాలరీలో అతని బొమ్మలు వేలాడుతున్నాయి. మొరోజోవ్ అనే సంపన్నుడు మాస్కోలో తన సొంత స్టూడియోను అతనికి వదిలిపెట్టాడు. అయినా పొమ్మన్నారు. అతను పల్లె పట్టున తలదాచుకున్నాడు. పలుకుబడి గల మిత్రులు పైవాళ్లకు నచ్చజెప్పారు. కొన్ని నెలలకు అతన్ని తిరిగి రానిచ్చారు.

మతం మార్చుకుని ఉంటే ఈ చిక్కులేవీ ఉండేవి కావు. బాప్టిజం పుచ్చుకున్న యూదుకు ఆ హద్దులు వర్తించవు. చాలామంది ఆ దారి పట్టారు, వాళ్లను తప్పుపట్టేవాళ్లం మనమెవరం? లెవితాన్ మాత్రం పట్టలేదు. విచిత్రమేమంటే రష్యన్ గుళ్లనూ మఠాలనూ అతనంత ప్రేమగా గీసినవాళ్లు తక్కువ. ‘ప్రశాంత ఆశ్రమం’, ‘సంధ్యా ఘంటలు’ ఏటి నీళ్లలో గుడి శిఖరాల నీడలే. ‘అనంత శాంతిపైన’ అతని బొమ్మల్లోకెల్లా పెద్దవాటిలో ఒకటి, ఒకటిన్నర మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల పైన వెడల్పు. విశాలమైన సరస్సు, దాని మీద ఉరుముతున్న ఆకాశం, గట్టు కొసన చిన్న చెక్క గుడి, గుడి కిటికీలో మిణుకుమనే దీపం, వెనక గాలికి ఊగే చెట్ల కింద వాలిపోయిన శిలువలు. ఇది గీస్తున్నంత సేపూ బీథోవెన్ మూడో సింఫనీలోని అంతిమయాత్ర సంగీతం వాయించమని కువ్షిన్నికోవాను అడిగేవాడు. తన మనసంతా ఈ బొమ్మలోనే ఉందని త్రెత్యకోవ్‌కు రాశాడు. తనది కాని మతపు గుడిలో తన మనసును పెట్టగలిగినవాణ్ని మతం పేరు చెప్పి ఊళ్లోంచి పంపించారు.

ఆ కాలంలోనే అతనికి మరో దెబ్బ తగిలింది. 1892లో చెహోవ్ కథ ఒకటి అచ్చయింది. పెళ్లయిన స్త్రీ, ఆమెను ఆకర్షించిన చిత్రకారుడు, వోల్గా మీద వేసవి. మాస్కో సాహిత్య వర్గాలు అందులో లెవితాన్‌నూ కువ్షిన్నికోవానూ గుర్తుపట్టాయి. దాదాపు మూడేళ్లు మిత్రులిద్దరికీ మాటల్లేవు. 1895 జనవరిలో మెలిఖొవోకు బయల్దేరిన ఓ రచయిత్రి దారిలో లెవితాన్‌ను చూడబోయి, తనతో రమ్మంది. అతను తటపటాయించి, చివరికి బండెక్కాడు. గుమ్మంలో చెహోవ్ అతన్ని చూసి గట్టిగా చెయ్యి నొక్కి, పాత సంగతులు ఎత్తకుండా మామూలు కబుర్లలో పడిపోయాడు. అలకలు తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ ఏడాది వేసవిలో దిగులు ముదిరి లెవితాన్ తన ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. బతికి బయటపడ్డాడు. చెహోవ్ అతని దగ్గరికి వెళ్లి కొన్నాళ్లున్నాడు. ‘మార్చి’, ‘బంగారు శరత్తు’, వోల్గా మీద రంగు రంగుల పడవలు తేలిపోయే ‘చల్లగాలి’ ఈ ఏడాదివేనంటే నమ్మబుద్ధి కాదు. దుఃఖంలో ఉన్నవాడు దుఃఖాన్నే గీస్తాడన్న మన లెక్క ఇక్కడ తప్పుతుంది. లోపల ఎంత చీకటైనా బయటి ఎండ అతనికి కనిపిస్తూనే ఉంది. కనిపించినదాన్ని దాచుకోకుండా గీశాడు.

1897లో వైద్యుడైన చెహోవ్ అతని గుండె విని, ఎక్కువ కాలం లేదని తెలుసుకున్నాడు. అయినా మరుసటేడు లెవితాన్ తాను చదివిన పాఠశాలలోనే ల్యాండ్‌స్కేప్ తరగతి చేపట్టాడు. ఒకప్పుడు దొంగతనంగా పడుకున్న గదుల్లోకి గురువుగా వచ్చాడు. వస్తూనే కుండీల్లో మొక్కలు, కొమ్మలు, నాచు, ఎండుటాకులు తెప్పించి తరగతి గదిని అడవి చేశాడు. శీతాకాలంలో బయటికి వెళ్లలేని విద్యార్థులకు ఆకుపచ్చను చూపించడానికి అతను ఎంచుకున్న ఉపాయం అది. సవ్రాసోవ్ శిష్యుల్ని అడవికి పంపాడు, ఆయన శిష్యుడు అడవినే శిష్యుల దగ్గరికి రప్పించాడు.

క్షయతో దక్షిణాన యాల్తాలో ఉండిపోవాల్సి వచ్చిన చెహోవ్‌ను చూడటానికి 1899 చివర లెవితాన్ అక్కడికి వెళ్లాడు. సముద్రం, సైప్రస్ చెట్లు, వెచ్చటి చలికాలం. చెహోవ్‌కు అవేవీ రుచించడం లేదు, ఉత్తరాది పల్లె మీద బెంగ పెట్టుకున్నాడు. లెవితాన్ అట్టముక్క ఒకటి తెమ్మని, దాన్ని గదిలోని నిప్పుగూడు పైభాగంలో పట్టేట్టు కత్తిరించి, అప్పటికప్పుడు వెన్నెల్లో గడ్డిమేట్లను గీసి అక్కడ బిగించాడు. మ్యూజియంగా మారిన ఆ ఇంట్లో ఆ బొమ్మను భద్రపరిచారు. నలభై నిండకుండానే చావు దగ్గరపడిన ఇద్దరిలో ఒకరు మరొకరికి ఇచ్చిన కానుక అది.

1900 ఆగస్టు 4న లెవితాన్ పోయాడు. మరో నెల గడిస్తే నలభై నిండేవి. తన దగ్గరున్న ఉత్తరాలన్నీ చదవకుండా తగలబెట్టమని అన్నకు చీటీ రాసిపెట్టాడు, అన్న ఆ మాట నిలబెట్టాడు. మాస్కోలోని యూదుల శ్మశానంలో పూడ్చారు. నాలుగు దశాబ్దాలకు ఆ శ్మశానాన్ని ఎత్తివేసే క్రమంలో 1941లో అతని అవశేషాలను నోవోదేవిచి శ్మశానానికి తరలించి చెహోవ్ సమాధికి దగ్గర్లో ఉంచారు. బతికుండగా రెండుసార్లు ఖాళీ చేయించినవాణ్ని పోయాక మూడోసారి ఖాళీ చేయించారు. ఈసారి మాత్రం గౌరవంగా.

లెవితాన్ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగి, చూడండి, పొమ్మన్న దేశమే చివరికి నెత్తిన పెట్టుకుంది, కళ గెలిచింది అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ 1892లో జరిగింది ఇంకొకసారి చూడాలి. లెవితాన్‌ను తిరిగి రానిచ్చింది అతను మనిషి అయినందుకు కాదు, లెవితాన్ అయినందుకు. గొప్ప చిత్రకారుడని చెప్పడానికి గొప్ప స్నేహితులు ఉన్నందుకు. అతనితో పాటు, అతని కంటే ముందు మూటాముల్లె సర్దుకున్న దర్జీల తరఫున వెళ్లి మాట్లాడినవాళ్లు లేరు. ఆ దర్జీకీ మాస్కో వీధి మీద, ఆ వీధి చివరి చెట్టు మీద ప్రేమ ఉండి ఉంటుంది. దాన్ని రుజువు చేయడానికి అతని దగ్గర కాన్వాసు లేదు. నేల మీద ప్రేమను రుజువు చేసుకున్నవాళ్లకే నేల మీద చోటు అనే దేశంలో రుజువు అడిగేవాడిదే పెత్తనం అవుతుంది. ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల పరాయివాడని ముద్రపడ్డ జనంలోంచి ఒక ఆటగాణ్నో, శాస్త్రవేత్తనో, గాయకుణ్నో ఏరి దగ్గరికి తీసుకుని, మిగతావాళ్లను బయట నిలబెట్టడం చూస్తూనే ఉన్నాం. ఆ ఒక్కణ్ని చూపించి మా మనసు విశాలం అంటారు. ఒక్కడికి మినహాయింపు ఇచ్చారంటే మిగిలిన వాళ్లందరికీ శిక్ష ఉన్నట్టే.

ఈ సంగతి లెవితాన్‌కు తెలిసే ఉంటుంది. తనకు గొంతు ఉండగా, పేరు ఉండగా అతను గీసింది తన అవమానాన్ని కాదు. వ్లదీమిర్కా మీద పేరు లేకుండా నడిచిపోయినవాళ్ల కాలిబాటలను గీశాడు. అతన్ని గొప్ప ప్రకృతి చిత్రకారుడని పొగడటం తేలిక, అందరూ ఆ పని చేస్తూనే ఉన్నారు. ప్రతిభను చూసి ఇచ్చే చోటు దయ. పుట్టుకను చూడకుండా ఇచ్చే చోటే న్యాయం. లెవితాన్‌ను నిజంగా గౌరవించాలనుకునే సమాజం ఏదైనా మొదట ఆలోచించవలసింది బొమ్మలు గీయడం రాని అతని ఇరుగుపొరుగు గురించి.